గోనె సుట్టిన పైపు

మక్తల్‌ల ఎన్నడన్న నీళ్లు గడ్డకట్టినయా?
పుష్యమాసంల కొబ్బరినూనె సీసల పేరుకుంటది,
గంతే మా సలి.
అయినా మాయన
చీకటి పడంగనే సుతిలి పట్టుకొని బయల్దేర్తడు.

మిద్దె మీది సింటెక్సు నుంచి
ఇంటెనక గోడ పొంటి దిగే ఇనుప పైపుకు
పాత గోనెసంచి సుడతడు,
దాని మీద యూరియా బస్తా,
మూల తిరిగిన కాడ నా పాత లంగా ముక్క.
ముడి మీద ముడి.
పక్కింటి మహబూబ్బీ గోడ మీదికెల్లి సూసి
"బాలింతకు సుట్టినట్టు సుడుతున్నవేందన్నా" అంటది.

ఆయన నవ్వడు.
గుంపు మేస్త్రి కాడ అడ్వాన్సు దీస్కొని
ఏడు సలికాలాలు లడఖ్‌ల ఉన్నడు,
మిలిట్రీ బ్యారకులకు పైపులు బిగియ్యనీకె.
ఆడ నీళ్లు కదలకుంటే ఉబ్బుతయట.
ఎట్ల ఉబ్బుతయంటే
రెండు సేతులు దగ్గరవెట్టి మెల్లగ దూరం జరిపిండు.
ఇనుమును సుత చీలుస్తయట,
తుపాకి పేలినట్టు సప్పుడొస్తదట.
నాకు నమ్మబుద్ధి గాలే.
నీళ్లంటే నా లెక్కల
బోరింగు కాడ కొట్లాట, బిందె, నడుము నొప్పి.

గిప్పుడు నాకూ అన్ని ఎరికే:
వాడని పైపుల నీళ్లు ఒంపెయ్యాలె.
పండబోయే ముంగట నల్లా ఇంతంత ఇడిసిపెట్టాలె,
దారమంత. నడిసే నీళ్లను సలి జల్ది పట్టదు.
గడ్డకడితే మంట వెట్టొద్దు,
బట్ట సుట్టి గోరెచ్చటి నీళ్లు పొయ్యాలె,
నల్లా దిక్కుకెల్లి మొదలువెట్టి ఎనుకకు పోవాలె.
నడిమిట్ల మొదలువెడితే
కరిగిన నీళ్లకు తొవ్వ దొరకక పైపు పలుగుతది.
నేనలిగినప్పుడు గూడ గట్లనే జేస్తడు.
ముందుగాల చాయ్.
అసలు సంగతి తెల్లారినంక.

నల్లా ఇడిసిపెట్టుడు కాడ్నే మాకు పంచాతి.
నాలుగొద్దులకోపారి వచ్చే నీళ్లు
రాత్రంత బొట్టు బొట్టు కారిపోతుంటే
నాకు నిద్రెట్ల వడ్తది?
నేను లేసి కట్టేస్త. ఆయన లేసి ఇడుస్తడు.
లేసినప్పుడల్ల పైపు మీద అరచెయ్యి వెట్టి సూస్తడు,
పిల్లకు జరమొచ్చినట్టు.
ఒగనాడు ఒర్రిన:
"ఈడ పైపు పగలాలన్నా
లోపల నీళ్లుండాలె గదయ్యా!"
గోనె జరిపి వేలితోని కొట్టిండు.
టంగుమన్నది.
"గడ్డకట్టింది మోగదు" అన్నడు.
మా పైపు నెలల సగం రోజులు మోగుతది.

భీమ్శప్ప సంగతి చాన రోజులకు చెప్పిండు.
సిన్నమ్మ కొడుకు, పందొమ్మిదేండ్లు, ఆ ఏడే గుంపుల కలిసిండు.
ఒక రాత్రి నల్లా కట్టేసి పండిండు.
మనూరి పిల్లగాడు గద,
నల్లా కారుతుంటే సూస్కుంట ఎట్ల ఉంటడు?
తెల్లారేసరికి బ్యారకు గోడ పొడుగుత పైపు చీలింది.
లోపలికొచ్చిన నీళ్లు
కంబళ్ల మీద గాజు లెక్క పేరుకున్నయి.
నాలుగు నెలల కూలి కోసిండు మేస్త్రి.
పిల్లగాడు ఒక్క మాట అనలే.
ఇప్పుడు పుణెల సెంట్రింగు పని జేస్తున్నడు,
పైపుల పనంటే దండం వెడతడట.
"ఎందుకిడిసిపెడ్తమో వానికి చెప్పలే" అన్నడు మాయన.
"ఇడిసిపెట్టుమన్న. గంతే."

ఆ రాత్రి నుంచి నేను నల్లా కట్టెయ్యలే.
కింద బిందె వెట్టిన.
పొద్దుగాల మెడదాంక నిండుతది,
బర్రెకు తాపుత, బాసండ్లు తోముత.

మాఘం పోయింది, శివరాత్రి పోయింది.
గోనె ఇప్పుదామని కత్తెర తెస్తే
చెయ్యి అడ్డంవెట్టిండు:
"ఉండనీ. ఎండకు నీళ్లు కాగిపోతయి."
పగటీలి నల్లా తిప్పి సూసిన.
చెయ్యి కాలలే.

నిన్న మహబూబ్బీ గోడ మీదికెల్లి అడిగింది,
"మీ కాడ గోనెసంచులు
ఇంకో రెండున్నయా వదినా?"